కనుమదారిలో బ్రేకులు

భద్రాచలం నుండి చింతూరు మీదుగా మారేడుమిల్లి చేరే దారి దట్టమైన అడవిలో కనుమలెక్కి దిగుతుంది. ఆ మలుపులలో ప్రయాణికుల ప్రాణాలు అరచేతిలో ఇమిడే బ్రేకు ప్యాడ్ల మీదనే ఆధారపడి ఉంటాయి. ప్యాడు తిరిగే డిస్కును ఒరుసుకొని కారు వేగాన్ని వేడిగా మారుస్తుంది. ఆ వేడి మితిమీరితే మామూలు ప్యాడు పట్టు సడలుతుంది. పెడల్ ఎంత తొక్కినా బండి ఆగదు.

అట్లయితే పందెపు కార్ల ప్యాడ్లనే అమర్చుకోరాదా? చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటలో మలుపు మలుపుకూ బ్రేకు పడుతుంది; ప్యాడు చల్లారే వ్యవధి ఉండదు. అటువంటి చోటుకై చేసిన ప్యాడ్లు తీవ్రమైన వేడిని తట్టుకుంటాయి, కాని వేడెక్కనిదే సరిగా పట్టవు. శీతకాలపు ఉదయాన అడవి దారికి పశువు అడ్డు వచ్చినప్పుడు అవి అక్కరకు రావు. పైగా కీచుమని అరుస్తాయి, డిస్కును త్వరగా అరగదీస్తాయి.

నిత్య ప్రయాణానికి మామూలు ప్యాడే తగినది. అయితే దిగుడులో బ్రేకును ఎడతెగక తొక్కిపట్టక, తక్కువ గేరులో ఇంజను చేతనే వేగాన్ని అదుపు చేయాలి. బ్రేకు ద్రవం సంగతి పలువురు మరుస్తారు. డాట్ 4 రకపు కొత్త ద్రవం 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగదు. గాలిలోని తేమను పీల్చుకొన్న కొలది ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగజారవచ్చు. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు చేరితే పెడల్ మెత్తగా అడుగంటుతుంది. అప్పుడు ప్యాడు ఎంత మేలైనదైనా ప్రయోజనం లేదు.