దాచిన కరువు, కొన్న గోధుమ

ఇంట్లో గింజలు నిండుకున్న రైతు ఆ సంగతి షావుకారు దగ్గర ఒప్పుకోడు. ఒప్పుకుంటే రేటు పెరుగుతుందని తెలుసు. ఇదే ఎత్తు ఒక అగ్రరాజ్యం వేస్తే ఏమవుతుందో 1972లో లోకం చూసింది.

ఆ ఏడు సోవియట్ యూనియన్‌లో పంట దెబ్బతిన్నది. ఎంత దెబ్బతిన్నదీ ప్రభుత్వం బయటపెట్టలేదు. దాని కొనుగోలు అధికారులు అమెరికా ధాన్యం కంపెనీలతో విడివిడిగా, ఒకరి బేరం ఇంకొకరికి తెలియనివ్వకుండా, కోటి టన్నులకు పైగా ధాన్యం కొనేశారు. అమెరికా ప్రభుత్వం పైగా ఎగుమతి సబ్సిడీ కూడా ఇచ్చింది! నిజానికి కంపెనీలూ నోరు విప్పలేదు. గుట్టు ఒక్క మాస్కోదే అనటం న్యాయం కాదు. 1973 ఆఖరుకి గోధుమ ధర రెట్టింపు దాటింది. ఇతర కారణాలూ ఉన్నాయనుకోండి. 1972లో వానలు లేక ఎండిన మన దేశం ఆ ధరల రోజుల్లోనే గోధుమ కోసం వెతుక్కోవలసి వచ్చింది. చిత్రమేమంటే 1973లో మనకు 20 లక్షల టన్నులు అప్పిచ్చింది ఆ సోవియట్ యూనియనే.

అక్కడినుంచి అమెరికా సోవియట్ మాట మీద ఆధారపడటం మానేసింది. 1974లో ‘లేసీ’ ప్రయోగం మొదలైంది: ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో పరదేశపు గోధుమ చేలను లెక్కగట్టటం. పచ్చని ఆకు ఎర్రని కాంతిని పీల్చుకొని, పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఆ తేడానుబట్టి పైరు బలం తెలుస్తుంది. చేను దాచలేరు కదా! 1975 ఆగస్టులో కొత్త అమ్మకాలు ఆపి, అక్టోబరులో ఒప్పందం రాసుకున్నారు. ఏటా 60 లక్షల టన్నులు తప్పక కొనాలి. 80 లక్షలు దాటాలంటే ముందుగా చెప్పాలి.