కపాలము, వెన్నెముక, ప్రక్కటెముకలు

పెరిగిన మనుష్యుని శరీరమునందు సాధారణముగా 206 ఎముకలుండును. వానిలో 80 ఎముకలు శరీరమునకు నడుమ ఇరుసువలె నిలిచి, తలను, మొండెమును మోయుచున్నవి. కపాలము, వెన్నెముక, ప్రక్కటెముకల గూడు ఈ వర్గములోనివే. మోయుటయే గాక కాపాడుటయు వీని పని. మెదడు కపాలములోను, వెన్నుపాము వెన్నెముకలోను, గుండెయు ఊపిరితిత్తులును ప్రక్కటెముకల గూటిలోను భద్రముగా నున్నవి.

పుర్రెలో 22 ఎముకలు గలవు. వానిలో 8 కలిసి మెదడునకు పెట్టెగా ఏర్పడగా, తక్కిన 14 ముఖమునకు ఆకృతి నిచ్చుచున్నవి. క్రింది దవడ ఒక్కటియే కదలును. మిగిలినవి రంపపుపండ్లు ఒకదానిలో నొకటి ఇమిడినట్లు అతుకుకొని యుండును. శిశువునందు ఈ అతుకులు ఇంకను గట్టిపడవు. అందుచేతనే ప్రసవసమయమున తల కొంత ఒదిగి వెలికి రాగలుగుచున్నది. నడినెత్తిపై మెత్తగా తగులు మాడు సాధారణముగా ఏడాదిన్నర ప్రాయమునకు పూడుకొనును. అది పూడుటకై నూనె పోసి అదుముట మనలో వాడుక. ఎముక పెరిగి మాడు పూడును గాని నూనెవలన పూడదు. విరేచనములగుచున్న శిశువునకు మాడు గుంటపడినచో, శరీరములో నీరు తగ్గినదని గ్రహించి, ఓ.ఆర్.ఎస్. ద్రావణము త్రాగించుచు వెంటనే వైద్యుని కడకు గొనిపోవలయును.

వెన్నెముక యనునది ఒక్క ఎముక కాదు. పుట్టుకనాటికి అందు 33 పూసలుండును: మెడలో 7, వీపున 12, నడుమున 5, దాని క్రింద 5, చివర 4. పెరిగినకొలది క్రింది 5 పూసలు కలిసి త్రికాస్థిగను, చివరి 4 కలిసి అనుత్రికాస్థిగను మారుటచే మొత్తము 26 అగును. జిరాఫీ మెడ అంత పొడవైనను అందలి పూసలు 7 మాత్రమే! మెడలోని మొదటి రెంటి నడుమ తప్ప, కదలెడు ప్రతి రెండు పూసల నడుమను మృదులాస్థితో నైన మెత్తని బిళ్ళ యుండును. పగలెల్ల నిలిచి పనిచేయువానికి ఈ బిళ్ళలు నొక్కుకొనిపోవుటచే, సాయంకాలమునకు ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు తగ్గును. రాత్రి పరుండినప్పుడు అవి మరల ఉబ్బును.

సూరత్ నగరమునందును, దానికి దక్షిణముననున్న సచిన్ వంటి పారిశ్రామికవాడలందును వస్త్రపరిశ్రమయే ప్రధానము. తెలంగాణము నుండి సూరత్‌కు తరలిపోయి మరమగ్గములపై బ్రతుకుచున్న నేతపనివారు పెక్కుమంది. పడుగునూలు చుట్టిన బీమును, బట్టల మూటను నడుము వంచి ఎత్తుటవలన భారమంతయు నడుము పూసల బిళ్ళలపై పడును. బిళ్ళ చిట్లి వెలికి పొడుచుకొని వచ్చి నరమును నొక్కినచో, పిరుదు నుండి పాదము వరకు నొప్పి సాగును. మోకాళ్లు వంచి కూర్చుండి, బరువును పొట్టకు దగ్గరగా పట్టుకొని లేవవలయును. బీమును ఒక్కడే ఎత్తుట పౌరుషము కాదు. నొప్పితోపాటు కాళ్లు పట్టుదప్పినను, మూత్రము బిగిసినను ఆనాడే ఆసుపత్రికి పోవలయును.

ఎత్తునుండి పడినవానిని నలుగురు కాలుసేతులు పట్టి ఆటోలో కూర్చుండబెట్టుట మనము తరచుగా చూచునదే. దీనివలన గలుగు కీడు పడుటవలని కీడును మించవచ్చును. విరిగిన పూస కదలినచో, అంతవరకు చెడని వెన్నుపాము నలిగి, కాలుసేతులు శాశ్వతముగా పడిపోవచ్చును. నిప్పు, విద్యుత్తు వంటి ఆపద లేనిచో అతనిని ఉన్నచోటనే యుంచి, తలను రెండు చేతుల కదలకుండ పట్టి, 108కి ఫోను చేయవలయును. వాంతి యైనచో తల, మెడ, మొండెము ఒక్క దుంగవలె ఒకేసారి ప్రక్కకు త్రిప్పవలయును. తలకు దెబ్బ తగిలినవాడు లేచి మాటలాడినను, పిమ్మట మాటిమాటికి వాంతులైనను, మగత క్రమ్మినను, చెవినుండి నెత్తురుగాని నీరుగాని కారినను ఉపేక్షింపరాదు.

ప్రక్కటెముకలు 12 జతలు. వెనుక అన్నియు వీపు పూసలకు అతికియుండును. ముందు 7 జతలు రొమ్ముఎముకతో నేరుగను, 3 జతలు పై ఎముక మృదులాస్థితోను కలియును. చివరి 2 జతలు దేనికిని అంటవు. ఊపిరి పీల్చునపుడు ఇవి బకెట్టు పిడివలె ప్రక్కలకు లేచుటచే గూడు విశాలమగును. ప్రక్కటెముక విరిగినవానికి రొమ్ముచుట్టు బిగించి కట్టు కట్టుట పాతపద్ధతి. దానివలన శ్వాస లోతుగా ఆడక, కఫము నిలిచి ఊపిరితిత్తులకు జబ్బు వచ్చును గనుక ఇప్పుడు వైద్యులు దానిని మానిరి.

దెబ్బ తగులకయే ఈ గూడు బిగిసిపోవు వ్యాధి తెలుగునాట గలదు. 1937లో హెచ్. ఇ. షార్టు మున్నగువారు నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాయందు దీనిని వర్ణించిరి. పిమ్మట నల్లగొండ జిల్లా దీనికి పేరుపడినది. నీటిలోని ఫ్లోరైడు ఏండ్ల తరబడి చేరుటచే స్నాయువులు ఎముకవలె గట్టిపడి, వెన్ను కర్రవలె బిగియును. ప్రక్కటెముకల కీళ్లు పట్టుకొని, రొమ్ము కదలక, పొట్టతోనే ఊపిరి తీయవలసివచ్చును. బిగిసిన వెన్నును మరల వంగజేయు మందు లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదు. అది రంగునకు, రుచికి తెలియదు, కాచినను పోదు. కావున బోరుబావి నీటిని పరీక్ష చేయించిన పిమ్మటనే పిల్లలకు పట్టవలయును.