గుండెపోటా? గుండెదడా? – ఇంటింటికి అవసరమైన పాఠము



"గుండె గుభేలుమన్నది", "గుండె జారిపోయినది" అని మనము భయమును గుండెతోనే చెప్పుకొందుము. మాటలో కలిసియున్న ఈ రెండును శరీరములో కూడ ఇంచుమించు ఒకే విధముగా కనబడును. అందుచేత మన ఇండ్లలో రెండు పొరపాట్లు జరుగుచున్నవి. గుండెజబ్బును దిగులనుకొని ఆలస్యము చేయుట ఒకటి. దిగులును గుండెజబ్బనుకొని యేండ్ల తరబడి భయముతో బ్రదుకుట రెండవది. ఈ రెండింటిని నేను దగ్గరనుండి చూచితిని. మొదటిది నేనే చేసితిని.

1. మా అక్క సంగతి

అప్పటికి అక్కకు 61 సంవత్సరములు. చక్కెరవ్యాధి పదేండ్లుగా ఉన్నది. ఒక సాయంకాలము ఆయాసముగా ఉన్నదనియు, చెమటలు పోయుచున్నవనియు, దవడ లాగుచున్నదనియు, కడుపులో త్రిప్పుచున్నదనియు చెప్పినది. "ఛాతీలో నొప్పి ఉన్నదా?" అని అడిగితిని. లేదన్నది. ఆ వారమే ఆమె కుమారుని ఉద్యోగము పోయెను. "దిగులు పెట్టుకోకక్కా, కాస్త మజ్జిగ త్రాగి పండుకో" అంటిని. తెల్లవారిన తరువాత ఆసుపత్రికి తీసికొనిపోగా గుండెపోటని తేలినది. ప్రాణము దక్కినది గాని, గుండె కండరము చాలా భాగము దెబ్బతిన్నది. తరువాత ఆమె బ్రదికిన నాలుగేండ్లలో మేడమెట్లు ఎక్కనేలేదు.

నేను ట్రైనింగు పొందిన ఉపాధ్యాయుడను. ముప్పది యేండ్లు పిల్లలకు సామాన్యశాస్త్రము చెప్పితిని. అయినను "నొప్పి లేకపోతే గుండెపోటు కాదు" అను తప్పు పాఠము నా తలలో ఉండెను.

గుండెపోటు అనగా గుండె కండరమునకు రక్తము తెచ్చు నాళములో రక్తము గడ్డకట్టి అడ్డుపడుట. రక్తమందని కండరము నిమిషనిమిషమునకు చనిపోవుచుండును. సాధారణముగా ఛాతీ నడుమ బరువు పెట్టినట్లు, పిండినట్లు, బిగించినట్లు ఉండును. అది ఎడమచేతికి, భుజమునకు, మెడకు, దవడకు, వీపునకు ప్రాకవచ్చును. చల్లని చెమట, వికారము, ఆయాసము తోడగును. అయితే చక్కెరవ్యాధి గలవారిలోను, వృద్ధులలోను, స్త్రీలలోను ఒక్కొక్కసారి నొప్పియే ఉండదు. ఆయాసము, వికారము, ఎన్నడు లేని నీరసము మాత్రమే కనబడవచ్చును. మా అక్కకు జరిగినది ఇదే.

2. మా వీధిలోని ఒక సోదరుని సంగతి

2001లో కోలారు బంగారు గనులు మూతపడినప్పుడు పని పోయిన వారిలో ఈయన ఒకరు. నలుబదియేండ్ల మనిషి, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. కొన్ని నెలలకు రాత్రివేళ హఠాత్తుగా లేచి కూర్చుండుట మొదలాయెను. గుండె దడదడ కొట్టుకొనును. ఊపిరి చాలదు. వ్రేళ్ళు తిమ్మిరెక్కును. నోటిచుట్టు చీమలు ప్రాకినట్లుండును. "నేను చచ్చిపోవుచున్నాను" అని భార్య చేయి పట్టుకొనును. అరగంటలో అంతయు తగ్గిపోవును. మూడుసార్లు ఈసీజీ తీసినను గుండె బాగుగానే ఉన్నది. "నీకేమియు లేదు" అని పంపివేసిరి. కొందరు నవ్విరి. కొందరు విశ్వాసము చాలలేదనిరి. ఆయన ఎవరికిని చెప్పుట మానుకొనెను గాని బాధ మానలేదు.

ఆ బాధ నటన కాదు. భయము కలిగినప్పుడు శరీరములో అడ్రినలిన్ అను రసము విడుదలయగును. అది గుండెను వేగముగా కొట్టించి, చెమట పట్టించి, కండరములను బిగించును. మనిషి వేగముగా ఊపిరి తీయుటచేత రక్తములోని బొగ్గుపులుసు వాయువు తగ్గిపోవును. తిమ్మిరియు, తలతిరుగుటయు అందువలననే. ఇది క్రొత్త సంగతి కాదు. అమెరికా అంతర్యుద్ధములో పనిచేసిన సైనికులలో గుండెదడ, ఛాతీనొప్పి ఉండియు గుండెలో జబ్బు కనబడని వారిని గూర్చి డాకోస్టా అను వైద్యుడు 1871లోనే వివరముగా వ్రాసెను. తుపాకి పట్టిన సైనికులకే వచ్చినప్పుడు, పని పోయిన తండ్రికి వచ్చుట సిగ్గుపడవలసిన సంగతి కాదు.

3. తేడా తెలుపు గుర్తులు

(అ) కాలము: భయపు దాడి సాధారణముగా పది నిమిషములలో తారస్థాయికి చేరి, అరగంటలోపల తగ్గుముఖము పట్టును. గుండెపోటు బాధ తగ్గక నిలుచును, లేదా తగ్గి మరల వచ్చును.

(ఆ) శ్రమ: నడిచినప్పుడు, మెట్లెక్కినప్పుడు వచ్చి, నిలబడిన కొద్ది నిమిషములలో పోవు ఛాతీబిగువు గుండె రక్తనాళములు సన్నబడుటకు గుర్తు. పోయినది గదా అని ఊరుకొనరాదు. భయపు దాడి ఊరక కూర్చున్నప్పుడు, నిద్రలో కూడ వచ్చును. అయితే గుండెపోటు కూడ విశ్రాంతిలో రాగలదు.

(ఇ) నొప్పి తీరు: ఒక వ్రేలితో చూపగల సూదిపోటు చాలమట్టుకు గుండెది కాదు. అరచేయి పరచి చూపునట్టి బరువు, బిగువు గుండెది కావచ్చును.

(ఈ) తిమ్మిరి: రెండు చేతుల వ్రేళ్ళలోను, నోటిచుట్టును తిమ్మిరి వేగముగా ఊపిరి తీయుటవలన కలుగును. ఛాతీనుండి ఒక చేతికో దవడకో ప్రాకు బాధ వేరు.

4. అయినను తీర్పు మనది కాదు

ఈ గుర్తులు దారి చూపును గాని తీర్పు చెప్పజాలవు. "చచ్చిపోవుదునేమో" అను భయము గుండెపోటులో కూడ కలుగును. దిగులున్న మనిషికి గుండెజబ్బు రాదను నియమమేమియు లేదు. వైద్యులకైనను చూపుతో తెలియదు. ఈసీజీ తీయవలెను. ట్రోపోనిన్ అను రక్తపరీక్ష చేయవలెను. మొదటి ఈసీజీ బాగున్నంత మాత్రమున గుండెపోటు లేదని చెప్పలేము. అందుకే కొన్ని గంటలు ఉంచుకొని మరల పరీక్షింతురు. విసుగుకొని మధ్యలో ఇంటికి వచ్చివేయరాదు.

కాబట్టి మొదటిసారి వచ్చిన బాధను గుండెదనియే యెంచవలెను. చక్కెర, రక్తపోటు, పొగాకు అలవాటు ఉన్నవారును, రక్తసంబంధులలో గుండెజబ్బు ఉన్నవారును మరి జాగ్రత్త పడవలెను. భయమని తేలినచో పోయినది ఒక రాత్రి నిద్ర మాత్రమే. గుండెయని తేలినచో దక్కినది ఒక ప్రాణము.

వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయుడి. రోగిని నడిపింపవద్దు, స్కూటరు వెనుక కూర్చుండబెట్టవద్దు. ఆనుకొని కూర్చుండనిండు. ఆస్పిరిన్ ఇయ్యవచ్చునా అని ఫోనులోనే అడుగుడి. అది పడనివారును, రక్తస్రావము ఉన్నవారును కలరు. సొంతముగా గ్యాసు మాత్రలిచ్చి కాలము గడపవద్దు.

పొరుగు రాష్ట్రములలో నున్న మనకు మరియొక కష్టము కలదు. కంగారులో మన పెద్దలకు తెలుగు తప్ప మరేమియు నోట రాదు. అందుచేత ఇంటిలో అందరికి ఒక మాట నేర్పుడి: కన్నడములో "ఎదె నోవు", తమిళములో "నెంజు వలి", ఒరియాలో "ఛాతి జంత్రణా", మరాఠీలో "ఛాతీత దుఖతే". పెద్దవారి జబ్బులు, వాడుచున్న మందులు ఒక కాగితముమీద వ్రాసి తలుపు వెనుక అంటించి ఉంచుడి.

5. గుండె బాగున్నదని తేలిన తరువాత

"నీకేమియు లేదు" అను మాటతో పని ముగియలేదు. థైరాయిడ్ ఎక్కువగుట, రక్తహీనత, గుండె లయ తప్పుట కూడ దడ పుట్టించును గనుక వాటిని పరీక్షింపవలెను. అవియు లేనప్పుడు అది ఆందోళన జబ్బు. దానికి మాటలద్వారా చేయు చికిత్సయు, మందులును ఉన్నవి. దాడి వచ్చినప్పుడు నెమ్మదిగా, తీసినదానికంటె ఎక్కువసేపు ఊపిరి విడుచుట మేలు చేయును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్ సహాయమునకు 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులో కూడ మాటలాడుదురు.

మా వీధి సోదరుడు చాలకాలము తరువాత మానసిక వైద్యుని యొద్దకు వెళ్ళి, ఒక సంవత్సరములో నిమ్మళించెను. "నాది జబ్బేనని ఆయన ఒప్పుకొన్న దినముననే సగము తగ్గినది" అని నాతో చెప్పెను. ఆ మాట మనమే ముందు చెప్పియుండవలసినది.

కూడి చర్చించుటకు ప్రశ్నలు

1. ఛాతీనొప్పి లేకుండ గుండెపోటు ఎవరికి రావచ్చును?
2. ఈసీజీ ఒకసారి బాగున్నచో ఎందుకు చాలదు?
3. మీ ఇంటినుండి రాత్రివేళ ఈసీజీ తీయు ఆసుపత్రి ఎంత దూరము? అక్కడికి దారి మీ పిల్లలకు తెలియునా?
4. "నీకేమియు లేదు" అని మనము పంపివేసిన వారు ఎవరైనను ఉన్నారా? ఈ వారము వారిని వెళ్ళి చూతుమా?