ఛార్జరా, ఫ్యానా? కాలేజీలో పొదుపు ప్రచారం ఎక్కడ మొదలవ్వాలి

‘ఛార్జర్ వాడనప్పుడు స్విచ్ ఆపండి.’ చాలా కాలేజీల గోడల మీద కనిపించే పోస్టరు ఇది. అదే వరండాలో, భోజన విరామంలో ఖాళీగా ఉన్న తరగతి గదిలో నాలుగు ఫ్యాన్లు తిరుగుతూ ఉంటాయి. రెండూ వృథాయే. కానీ ఏది ఎంత వృథా?

ఫోన్ తగిలించకుండా సాకెట్‌లో వదిలేసిన ఇప్పటి ఛార్జర్ సాధారణంగా అర వాటు కన్నా తక్కువ విద్యుత్తు తీసుకుంటుంది. పావు వాటు అనుకుందాం. పాత రకం సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంలో సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. నాలుగు ఫ్యాన్లు గంటసేపు తిరిగితే 300 వాట్ అవర్లు ఖర్చవుతాయి. అంత విద్యుత్తుతో ఆ ఛార్జర్ 1,200 గంటలు, అంటే 50 రోజులు సాకెట్‌లో ఉండవచ్చు. కేంబ్రిడ్జి భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెకే సుస్థిర ఇంధనంపై రాసిన పుస్తకంలో గట్టిగా చెప్పింది ఇదే: చిన్న పనులు చేసి పెద్ద పని అయిపోయిందనుకుంటే మోసపోతాం.

మన విద్యార్థులకు పర్యావరణ పాఠాలు కొత్త కాదు. 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని ఆదేశించింది. ఆ తర్వాత డిగ్రీ స్థాయిలో ఆరు నెలల పర్యావరణ అధ్యయనాల కోర్సును యూజీసీ రూపొందించింది. అయితే పుస్తకంలోని పాఠానికీ, హాస్టల్ కరెంటు మీటరుకూ మధ్య వారధి ఉండదు. ఆ వారధి కట్టడమే కాలేజీలో పర్యావరణ సమాచార బాధ్యత తీసుకున్నవారి పని.

మొదటి మెట్టు, లెక్క. 200 ఫ్యాన్లున్న హాస్టల్ తీసుకోండి. 75 వాట్ల ఫ్యాన్ల స్థానంలో సుమారు 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఒక్కోదానికి 45 వాట్లు మిగులుతాయి. రోజుకు 12 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరిగితే ఆదా 32,400 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందనుకుంటే దాదాపు 23 టన్నులు తగ్గినట్టు. కారణం కూడా సులువే. పాత ఫ్యాన్‌లోని ఇండక్షన్ మోటారులో విద్యుత్తులో పెద్ద భాగం వేడిగా పోతుంది. బీఎల్‌డీసీ మోటారులో శాశ్వత అయస్కాంతాలు, ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉండటంతో ఆ నష్టం బాగా తగ్గుతుంది.

రెండో మెట్టు, చెప్పే తీరు. 2007లో మనస్తత్వ శాస్త్రవేత్త వెస్లీ షుల్ట్జ్ బృందం అమెరికాలోని శాన్ మార్కోస్ పట్టణంలో 290 ఇళ్ల మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. మీ వాడకం ఇంత, చుట్టుపక్కల సగటు ఇంత అని చెప్పినప్పుడు ఎక్కువ వాడేవారు తగ్గించారు. కానీ తక్కువ వాడేవారు పెంచారు! వాళ్ల కాగితం మీద మెచ్చుకోలుగా ఒక నవ్వు ముఖం బొమ్మ వేస్తే ఆ పెరుగుదల కనిపించలేదు. హాస్టల్ నోటీసు బోర్డు మీద బ్లాకుల వారీగా యూనిట్లు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. సగటు ఒక్కటే రాస్తే, పొదుపు చేస్తున్న బ్లాకుకు అది సడలింపుగా తోచవచ్చు.

మూడో మెట్టు, అలవాటును యంత్రానికి అప్పగించడం. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నిబంధన ఉంది. కావాలంటే మార్చుకోవచ్చు. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. సెమినార్ హాలు ఏసీకీ, లైబ్రరీ ప్రింటర్‌కూ ఇదే సూత్రం. కాగితానికి రెండు వైపులా ముద్రణను ముందే సెట్ చేసి పెడితే రోజూ ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు.

నాలుగోది, నిజాయితీ. న్యాక్ మూల్యాంకనంలో పర్యావరణ చర్యలకూ చోటుంది. అందువల్ల మొక్క నాటిన రోజు ఫొటో నివేదికలోకి చేరుతుంది. వేసవి దాటి ఆ మొక్క బతికిందా అన్నది చాలాసార్లు చేరదు. తప్పుదోవ పట్టించే పర్యావరణ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు తెచ్చింది. చేసే ప్రతి దావాకూ ఆధారం ఉండాలన్నది వాటి సారాంశం. ప్రకటనలకు పెట్టిన ఈ ప్రమాణాన్ని కాలేజీ తనకు తానే పెట్టుకుంటే మంచిది. ‘హరిత ప్రాంగణం’ అనే బోర్డుకూ, గదిలో తిరిగే ఖాళీ ఫ్యానుకూ మధ్య తేడాను మొదట గమనించేది విద్యార్థులే. ఒకసారి నమ్మకం పోతే తర్వాత పెట్టే మంచి పోస్టరును కూడా చదవరు.

ఎకో క్లబ్‌, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు ఈ వారమే మొదలుపెట్టవచ్చు. కాలేజీ ఎలక్ట్రీషియన్‌ను కలవండి; ఏ మోటారు ఎప్పుడు నడుస్తుందో, ఏ ట్యాంకు పొంగుతుందో ఆయనకు తెలుసు. వార్డెన్ అనుమతితో ఒక బ్లాకు మీటరును నాలుగు వారాలు, ప్రతి సోమవారం ఒకే సమయానికి చదివి రాయండి. ఆ తర్వాత ఒక్క మార్పు మాత్రమే చేయండి. మరో నాలుగు వారాలు చదవండి. సెలవులు, ఎండల తేడా గమనించడానికి, మార్పు చేయని ఇంకో బ్లాకు మీటరును కూడా పక్కనే రాసుకోండి. తగ్గితే ఎంత తగ్గిందో, తగ్గకపోతే ఆ సంగతీ నోటీసు బోర్డు మీద పెట్టండి.