సర్వర్ రాయబోతున్న బిడ్డకు

గద్వాల



నీ మెసేజ్ చూశాను. వనపర్తి పాలిటెక్నిక్‌లో ఆఖరు సంవత్సరం ప్రాజెక్టుగా జూరాల నీటిమట్టం ఫోన్‌లో చూపించే సర్వర్ చేస్తానన్నావు. మంచి ఆలోచన. కృష్ణా నది తెలంగాణలోకి వచ్చాక తగిలే మొదటి పెద్ద ప్రాజెక్టు అది. పైన ఆల్మట్టి, నారాయణపూర్ డ్యామ్‌లు నిండి నీళ్లు వదిలితే ఇక్కడ గేట్లు లేస్తాయి. ఏటి ఒడ్డున మోటార్లు పెట్టుకున్న రైతులు అవి పైకి లాగాలా వద్దా అని కబురు కోసం చూస్తుంటారు. వాళ్లకు అక్కరకొచ్చే పని పెట్టుకున్నావు.

ఏ ఫ్రేమ్‌వర్క్ నేర్చుకోమంటావు అని అడిగావు. ఇప్పుడే ఏదీ వద్దు. ఫ్రేమ్‌వర్క్ నీ బదులు మాట్లాడేస్తుంది, ఏం మాట్లాడిందో నీకు తెలియదు. పైథాన్‌లో సాకెట్ పెట్టి సర్వర్ నువ్వే రాయి, క్లయింట్ కూడా నువ్వే రాయి. రెండింటి మధ్య ఏ మాట నడుస్తుందో ముందు కళ్లారా చూడు.

అదేమంత పెద్ద పని కాదు. 1990 చివర్లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాలయంలో టిమ్ బెర్నర్స్-లీ మొదటి వెబ్ సర్వర్, మొదటి బ్రౌజర్ రెండూ తానే రాశాడు. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీలో అప్పట్లో అడగడమంటే ఒక్క వరుస: 'గెట్' అనే మాట, పక్కన కావలసిన పేజీ పేరు. జవాబు అంటే ఆ పేజీయే. పంపేశాక సర్వర్ లైన్ తెంపేసేది. హెడర్లు, 404 లాంటి స్టేటస్ నంబర్లు తర్వాత చేరాయి. అవన్నీ కలిపి 1996లో హెచ్‌టీటీపీ 1.0 పత్రం వచ్చింది. నువ్వూ అదే వరుసలో పో. ముందు ఒక్క వరుస ప్రశ్న, ఒక్క వరుస జవాబు. అది నడిచాకే హెడర్లు.

సర్వర్‌కు బైండ్, లిజన్, యాక్సెప్ట్ అని మూడు మెట్లు. 127.0.0.1 అడ్రస్, 8080 పోర్ట్ మీద కూర్చోబెట్టి, వచ్చిందంతా స్క్రీన్ మీద ప్రింట్ చేయించు. బ్రౌజర్‌తో ఒకసారి అడుగు. 'గెట్' వరుస, దాని కింద హెడర్లు, చివర ఒక ఖాళీ వరుస కనిపిస్తాయి. ఆ ఖాళీ వరుసే 'నేను అడగాల్సింది అయిపోయింది' అనడం. జవాబు పంపాక కాసేపటికి నువ్వు అడగని ఫేవికాన్ కోసం బ్రౌజర్ మళ్లీ వస్తుంది. ట్యాబ్ మీద బొమ్మ పెట్టడానికి అది తనంతట తానే అడుగుతుంది, కంగారు పడకు.

ఇక్కడితో ఆపి, పనైపోయింది అనుకునేవాళ్లే ఎక్కువ. బ్రౌజర్ చాలా తప్పులు సర్దుకుపోతుంది. నీ చేతి క్లయింట్ సర్దుకుపోదు, అందుకే అది రాయమంటున్నాను. మొదట తెలిసొచ్చేది ఏమిటంటే, సర్వర్ ఒక్కసారి పంపింది క్లయింట్‌కు ఒక్కసారే వస్తుందన్న హామీ లేదు. టీసీపీ బైట్లను వరుస తప్పకుండా చేరుస్తుంది గానీ, ఎన్ని ముక్కలుగా చేరుస్తుందో చెప్పదు. అందుకే ఖాళీ వరుస వచ్చేదాకా చదువు. తర్వాత 'కంటెంట్-లెంగ్త్' హెడర్ ఎన్ని బైట్లంటే అన్నీ అందేదాకా మళ్లీ మళ్లీ చదువు. నీ లాప్‌టాప్‌లో ఒక్కసారి చదివినా అంతా వచ్చేస్తుంది, దాన్ని నమ్మకు. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో సగం జవాబే చేతికొస్తుంది.

తెలుగులో జవాబు పంపితే ఇంకో చిక్కు. 'గద్వాల' అని పంపించి చూడు. పైథాన్‌ను పొడవు అడిగితే 6 అంటుంది: గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే లైన్ మీద పోయేవి 18. కంటెంట్-లెంగ్త్‌లో 6 అని రాశావో, క్లయింట్ ఆరు బైట్లే చదివి 'గద' అని చూపించి ఊరుకుంటుంది. ఇంగ్లిష్‌లో పరీక్షిస్తే ఈ తప్పు జన్మలో దొరకదు, అక్కడ ఒక్కో అక్షరానికి ఒక్క బైటే కాబట్టి. ముందు బైట్లుగా మార్చు, తర్వాత లెక్కపెట్టు. 'కంటెంట్-టైప్' హెడర్‌లో యూటీఎఫ్-8 అని చెప్పడం మరవకు, లేకపోతే కొన్ని బ్రౌజర్లు తెలుగును పిచ్చి గుర్తులుగా చూపిస్తాయి.

ఇక జవాబులో ఏముండాలన్నది. 318.516 అని మాత్రం పంపితే సరిపోదు. జూరాల పూర్తి నీటిమట్టం మీటర్లలో 318.516, అడుగుల్లో 1045. ఒకరు మీటర్లలో చెబుతారు, ఇంకొకరు అడుగుల్లో చెబుతారు. నిల్వ అయితే టీఎంసీల్లో, నిండితే 9.657. కాబట్టి ప్రతి అంకె పక్కన కొలత ఉండాలి, ఆ అంకె ఏ రోజు ఏ గంటకు తీసిందో ఉండాలి. వరద రోజుల్లో పొద్దుటి అంకె మధ్యాహ్నానికే పాతబడుతుంది. సమయం లేని అంకెను నమ్మి మోటారు వదిలేసినవాడికి నువ్వేం సమాధానం చెబుతావు? ఇది అధికారుల హెచ్చరిక కాదని పేజీ మీదే రాసిపెట్టు.

లెక్క అందనప్పుడు సున్నా పంపకు. సున్నా అంటే డ్యామ్ ఎండిపోయిందని అర్థం. 'ఇప్పుడు చెప్పలేను' అనడానికి 503 ఉంది, 'అలాంటి పేజీ లేదు' అనడానికి 404 ఉంది, వాటిని వాడుకో. తప్పు జరిగినా 'అంతా సరే' అనే 200 పంపి, లోపల క్షమాపణ రాస్తే మనిషి చదివి అర్థం చేసుకుంటాడేమో గానీ, క్లయింట్ ప్రోగ్రామ్ అన్నీ బాగున్నాయనుకుంటుంది.

జవాబు ఇచ్చే ముందు సర్వర్‌ను కావాలని పది సెకన్లు ఆపి, ఒకేసారి రెండు క్లయింట్లతో అడిగి చూడు. రెండోది మొదటిదాని వెనక నిలబడి ఉంటుంది. ఒకేసారి ఇద్దరికి జవాబిచ్చే థ్రెడ్లు ఎందుకో అప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. స్నేహితుల ఫోన్లలో చూపాలంటే అడ్రస్ 0.0.0.0 చేయాలి, అందరూ ఒకే వైఫైలో ఉండాలి. 192.168తో మొదలయ్యే నీ లాప్‌టాప్ నంబర్ ఆ వైఫై లోపలే చెల్లుతుంది, దాన్ని గద్వాలకు పంపితే నాకు తెరుచుకోదు. బయటి మెషీన్ మీద పెట్టే ముందు ఒక జాగ్రత్త: క్లయింట్ చెప్పిన ఫైల్ పేరును ఉన్నదున్నట్టు తెరవకు. రెండు చుక్కలు, ఒక స్లాష్ కలిపి పంపితే పై ఫోల్డర్లలోకి దూరి నీ ఫైళ్లన్నీ చదవొచ్చు.

రేపు పొద్దున కోడ్ మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకో. ఎలా అడగాలి, ఏం జవాబు వస్తుంది, కొలత ఏది, సమయం ఎలా రాస్తారు, తప్పు జరిగితే ఏ నంబర్ వస్తుంది, అన్నీ అందులో పెట్టు. సర్వర్ రాశాక ఆ కాగితం నీ క్లాస్‌మేట్‌కు ఇచ్చి, నీ కోడ్ చూపించకుండా క్లయింట్ రాయమను. నిన్ను ఒక్క ప్రశ్న అడగకుండా ఆమె నీళ్ల లెక్క తెచ్చుకోగలిగితే నీ పని కుదిరినట్టే. అడిగిందంటే, ఆమె అడిగిన చోటే కాగితంలో లోపం ఉంది. ముందు కాగితం దిద్దు, తర్వాతే కోడ్ ముట్టుకో.

దీవెనలతో,
మీ చిన్నాయన