ఎండలో ఉండే బల్లకు ఏ పూత మంచిది?

వేసవిలో గుంతకల్లు జంక్షన్‌లో దిగినవారికి అక్కడి ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. "ఇంత పొడి నేలలో చెక్కకు వచ్చే చేటేముంది?" అని నేనూ అనుకున్నాను.

కొన్నేళ్ళ కిందట మా పదో తరగతి పిల్లలు తలా కొంత డబ్బు వేసుకుని బడి ఆవరణలో ఒక వేపచెక్క బెంచీ చేయించారు. ఏ పూత వేయాలని నన్నడిగారు. చెక్క అందం కనబడాలని వార్నిష్ వేయించాను. మొదటి ఏడు అద్దంలా మెరిసింది. రెండో వేసవి దాటేసరికి పూత పెచ్చులుగా లేచింది. కింద చెక్క బూడిద రంగుకు తిరిగింది. కాళ్ళకు చెదలు పట్టాయి. పిల్లల డబ్బూ పోయింది, సైన్సు మాస్టారి పరువూ పోయింది! నా తప్పేమిటో చూద్దాం రండి.

చెక్కకు ముగ్గురు శత్రువులు

చెక్కలో ముఖ్యమైన పదార్థాలు సెల్యులోజ్, లిగ్నిన్. సెల్యులోజ్ పోగులు స్లాబులోని ఇనుప కడ్డీల వంటివైతే, లిగ్నిన్ వాటిని పట్టి ఉంచే సిమెంటు వంటిది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని లిగ్నిన్ ముక్కలవుతుంది. ఆ ముక్కలను వాన కడిగేస్తుంది. పైన పట్టు తప్పిన పోగులు మిగులుతాయి. కనుక మొదటి శత్రువు ఎండ.

రెండోది తేమ మార్పు. తేమ పీల్చిన చెక్క ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. అయితే పొడవు దాదాపు మారదు, వెడల్పే మారుతుంది. అందుకే బీటలు పొడవునా పడతాయి. చెక్కను కుళ్ళబెట్టే శిలీంధ్రాలకు మాత్రం చెక్కలో సుమారు 20 శాతానికి పైగా తేమ కావాలి. కోనసీమలో కుళ్ళు పెద్ద భయం. మన పీఠభూమిలో ఎండ, బీటలే పెద్ద భయం.

మూడోది చెదలు. ఇవి నేలనుండి కాళ్ళ గుండా ఎక్కుతాయి. మా బెంచీలో ముదురు రంగు చేవను అవి అంతగా ముట్టుకోలేదు. చుట్టూ ఉన్న తెల్లచెక్కనే తినేశాయి. చేవలో చెట్టు తానే దాచుకున్న రక్షక పదార్థాలుంటాయి మరి.

వార్నిష్ ఎందుకు ఓడిపోయింది?

చెక్క మనకు కనబడుతోందంటే పూతగుండా వెలుగు చెక్కను చేరుతోందన్నమాట. దానితోపాటు అతినీలలోహిత కిరణాలూ కొంత చేరతాయి. పూత బాగానే ఉన్నా, అది అంటుకున్న చెక్కపొర చెడిపోతుంది. పునాది కదిలిన గోడకు సున్నం వేస్తే నిలుస్తుందా? ఆరుబయటి వాడకానికని అమ్మే వార్నిష్‌లలో ఆ కిరణాలను పీల్చే పదార్థాలు కలుపుతారు. అయినా వాటిని తరచు మళ్ళీ పూయాలి.

పెయింటులో టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ వంటి రంగు పొడులుంటాయి. అవి కిరణాలను చెక్కదాకా పోనివ్వవు. వార్నిష్ గాజు పలక అయితే పెయింటు గొడుగు అనుకోండి.

నూనె పూస్తే?

మన జిల్లా వేరుశనగకు పెట్టింది పేరు. ఆ నూనే పూస్తే సరిపోదా? సరిపోదు. అది ఎన్నాళ్ళయినా ఆరదు. జిగటగా మారి దుమ్ము పట్టుకుంటుంది. అదే అవిసె నూనె పూస్తే గట్టిపడుతుంది. ఎందుకని?

నూనె ఆరడమంటే నీరులా ఆవిరి కావడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకోవడం. ఈ పని ద్విబంధాల దగ్గర జరుగుతుంది. అవిసె నూనెలోని కొవ్వు ఆమ్లాల్లో సాధారణంగా సగానికి పైగా మూడేసి ద్విబంధాలున్నవే. వేరుశనగ నూనెలో ఒకటి, రెండు ఉన్నవే ఎక్కువ.

అయితే అవిసె నూనె కూడా పారదర్శకమే. ఎండను ఆపలేదు. ఏటా పూయాలి.

ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి మూల పడేయకండి. ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. అది బయటికి పోలేక గుడ్డ తానంతట తానే అంటుకోవచ్చు. నీళ్ళలో ముంచండి, లేదా ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి.

రైలు పట్టాలు చెప్పే పాఠం

ఒకప్పుడు పట్టాల కింద చెక్క స్లీపర్లు ఉండేవి. వాటికి బొగ్గు తారు నుండి తీసిన క్రియోసోట్ పట్టించేవారు. పైన పూయడం కాదు, పీడనంతో చెక్క లోపలికే ఎక్కించడం. ఈ పద్ధతికి ఇంగ్లండులో జాన్ బెథెల్ 1838లో పేటెంటు పొందాడు. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని కనిపెట్టాడు. దాని పేరు 'అస్కు'. ఆర్సెనిక్, రాగి సంకేతాలను కలిపి చదవండి, పేరు ఎలా వచ్చిందో తెలుస్తుంది! అది ప్రపంచమంతా వ్యాపించింది. కాని ఆర్సెనిక్ విషం గనుక, ఇళ్ళలో వాడే చెక్కకు దాన్ని పట్టించడం అమెరికాలో 2003 చివరితో మానేశారు. క్రియోసోట్ కూడా ఒంటికి హానికరమే. పురుగును చంపేది మనల్నీ బాధించవచ్చు. పాత ఇంజను ఆయిల్ కూర్చునే బల్లకు పనికిరానిదీ ఇందుకే.

మేము చేసిన పని

కొత్త బెంచీకి చేవ ఉన్న చెక్కనే ఎంచాం. బాగా ఆరనిచ్చి, ఉప్పుకాగితంతో రుద్ది, చెక్క ప్రైమరు ఒక పూత, లేత రంగు ఎనామిల్ పెయింటు రెండు పూతలు వేశాం. కాళ్ళ అడుగు కోసలకు మరో పూత అదనంగా పట్టించాం. చెట్టులో నీరు ఎక్కిన నాళాలు అక్కడే నోళ్ళు తెరుచుకుని ఉంటాయి కదా! ప్రతి కాలి కింద ఒక తాడిపత్రి బండముక్క పెట్టాం. చెదలు మట్టి దారి కట్టుకుని ఎక్కితే వెంటనే కనబడుతుంది, చెరిపేయవచ్చు.

పాత పెయింటును మాత్రం పొడిగా గీకకండి. ఇళ్ళకు వాడే పెయింటులో సీసం పదిలక్షలకు 90 పాళ్ళు మించరాదనే నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందటి రంగుల్లో ఎక్కువ ఉండవచ్చు. ఆ దుమ్ము పీల్చడం ప్రమాదం.

మీరే చేసి చూడండి

ఒకే చెక్కనుండి ఒకే కొలత ముక్కలు ఐదు కోయించండి. ఒకటి ఏమీ పూయకుండా ఉంచండి. మిగతావాటికి వేరుశనగ నూనె, అవిసె నూనె, వార్నిష్, పెయింటు పూయండి. ప్రతి ముక్కలో సగభాగాన్ని రేకుతో కప్పి, బడి డాబాపై దక్షిణం వైపు వాలుగా పెట్టండి. ఉగాది నుండి దసరా దాకా నెలనెలా చూసి రాసుకోండి. ప్రతి ముక్కపై నీటి చుక్క వేసి, ఎంతసేపటికి ఇంకుతుందో లెక్కించండి.

ఏమీ పూయని ముక్క ఎందుకు? సగం కప్పడం ఎందుకు? జవాబు చెప్పగలిగితే, మాస్టారి మాట కన్నా ప్రయోగం మాట నమ్మడం మీకు తెలిసినట్లే.