ఎగువ కబురు తెలుసుకుని బయల్దేరు

ప్రగతి నగర్, హైదరాబాద్
శ్రావణ శుక్రవారం

చిరంజీవికి,



నాన్నా, పంద్రాగస్టుకి కలిసొచ్చిన సెలవుల్లో మీ టీమంతా పాపికొండలకు బయల్దేరుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. టెంపో ట్రావెలర్ మాట్లాడేశారట, బోటుకి అడ్వాన్సు కూడా కట్టేశారట. మాదాపూర్ ఆఫీసులో నీ పక్క సీటమ్మాయి నార్వే వెళ్లి వానలో తడిసిన ఫ్యోర్డుల ఫొటోలు పెట్టిందనీ, "మన నార్వే మనకుందిగా, మనమూ వానలోనే చూద్దాం" అని నువ్వే అందర్నీ లేవదీశావనీ చెప్పింది.

నీ కోరికను తప్పుపట్టను. వానాకాలంలో కొండలూ నీళ్లూ కలిసే చోటును చూడాలనుకోవడం మంచిదే. భద్రాచలం బళ్లో సోషల్ చెప్పినన్నాళ్లూ నేను చూసిందీ అదే అందం. కానీ ఈ వారం ఆ బోటు ఎక్కొద్దు. ఎందుకు వద్దో చెబుతాను. ఎక్కాల్సిన రోజు ఏదో నువ్వే తేల్చుకునే దారి కూడా చెబుతాను.

ముందు నార్వే సంగతి. ఫ్యోర్డు నది కాదు, సముద్రపు పాయ. మంచుయుగంలో హిమానీనదాలు కొండల్ని లోతుగా దొలుచుకుంటూ పోయాయి. మంచు కరిగాక ఆ లోయల్లోకి సముద్రం వచ్చి నిలిచింది. సోగ్నె ఫ్యోర్డు 200 కిలోమీటర్లకు పైగా నేలలోకి చొచ్చుకుపోతుంది, లోతు 1,300 మీటర్లు దాటుతుంది. ఆ తీరంలోని బెర్గెన్ ఊళ్లో ఏడాదికి 200 రోజులకు పైగా వాన పడుతుంది. ఎంత పడినా ఫ్యోర్డులో వరద రాదు. పడిన నీళ్లను సముద్రం తనలో కలిపేసుకుంటుంది. కొండల మీంచి నాలుగు జలపాతాలు ఎక్కువగా దిగుతాయి, మబ్బు కిందికి వాలుతుంది, జనం రెయిన్‌కోటు వేసుకుని డెక్కు మీద నిలబడతారు. మీ స్నేహితురాలి ఫొటోల్లో ఉన్నది అదే.

అక్కడ భయం లేదని కాదు. అక్కడి భయం కొండ మీంచి వస్తుంది. 1934లో టాఫ్యోర్డులో కొండచరియ విరిగి నీళ్లలో పడితే లేచిన అలకు 40 మంది చనిపోయారు. ఇప్పుడు గైరాంగెర్ ఫ్యోర్డుకు దగ్గర్లోని ఓక్నెసెట్ అనే కొండకు పగుళ్లున్నాయని, అది ఎంత జరుగుతోందో పరికరాలు పెట్టి రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉంటారు. అంటే వాళ్లు తమ కొండల్లో ప్రమాదం ఎటునుంచి వస్తుందో తెలుసుకుని, అటువైపే కాపలా పెట్టుకున్నారు. మన దగ్గర అది ఎటునుంచి వస్తుందో నువ్వు తెలుసుకోవాలి.

పాపికొండలు గోదావరి తూర్పు కనుమల్ని కోసుకుని చేసుకున్న దారి. త్ర్యంబకం దగ్గర పుట్టిన నది మొత్తం 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైనే. నాసిక్‌లో పడినదీ, నాందేడ్‌లో పడినదీ, ప్రాణహిత మోసుకొచ్చే విదర్భ వానా, ఇంద్రావతి తెచ్చే బస్తర్ వానా, కూనవరం దగ్గర శబరి కలిపే నీళ్లూ, ఇవన్నీ సముద్రానికి చేరాలంటే ఆ ఇరుకులోంచే పోవాలి. మైదానంలో కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని పారే నది, అక్కడ రెండు కొండల మధ్య ఒదిగి పోవాల్సి వస్తుంది. పక్కకు జరగడానికి చోటు లేని నీళ్లు పైకి లేస్తాయి, వేగం పుంజుకుంటాయి, మలుపుల్లో సుడులు తిరుగుతాయి.

అందుకే మీ ఫోన్లో చూసుకునే వాతావరణం ఇక్కడ పనికిరాదు. హైటెక్ సిటీలో పడే వాన ఈ లెక్కలోకే రాదు, మన నీళ్లు మూసీ దారిన కృష్ణకు పోతాయి. రాజమండ్రిలో ఎండ కాస్తున్నా లాభం లేదు. పైన గడ్చిరోలిలో రెండ్రోజులు కుంభవృష్టి పడితే, ఆ నీళ్లు తర్వాత తీరిగ్గా పాపికొండలకు చేరతాయి. అప్పటికి నీ నెత్తిమీద ఆకాశం కడిగినట్టు ఉండొచ్చు. గోదావరి ఒడ్డున పెరిగినవాళ్లు వానాకాలంలో పైకి చూసి మాట్లాడరు, ఎగువ సంగతి అడుగుతారు. భద్రాచలంలో పొద్దున్నే కూరగాయల బేరంకంటే ముందు వచ్చే ప్రశ్న, "నీళ్లు ఎన్ని అడుగులున్నాయి?"

ఆ అడుగుల లెక్క నువ్వూ నేర్చుకో. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 దాకా లేచింది. కింద ధవళేశ్వరంలో బ్యారేజీ నుంచి వదిలే నీటిని బట్టి చెబుతారు: 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఈ అంకెలు పేపర్లో వస్తాయి, టీవీ కింద పరుగెడుతుంటాయి. రెండు మూడు రోజులు వరుసగా చూస్తే నది పెరుగుతోందో తీస్తోందో నీకే తెలుస్తుంది. పైన కాళేశ్వరం, పేరూరు దగ్గర ఎంత ఉందో కూడా చూశావంటే రేపటి గోదావరి ఈరోజే కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది, జాగ్రత్తగా విను. 2019 సెప్టెంబర్ 15, ఆదివారం. దేవీపట్నం దగ్గర గండి పోచమ్మ గుడి నుంచి పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ట అనే బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అందులో 77 మంది ఉన్నారు. ఒడ్డునున్న పల్లెల వాళ్లు తమ పడవలేసుకుని పరుగెత్తుకొచ్చారు. బతికింది 26 మందే. హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లున్నారు, వరంగల్ పక్కన కడిపికొండ నుంచి ఒక జట్టుగా వెళ్లినవాళ్లున్నారు. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఆ బోటును బయటకు లాగేసరికి అక్టోబర్ 22 వచ్చింది.

ఆ రోజు గోదావరిలో ఉన్నది 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరికకు కావాల్సినదాంట్లో అది ఇంచుమించు సగం. హెచ్చరిక లేదు కాబట్టి ఫరవాలేదనుకుంటే ఏమవుతుందో ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఆ హెచ్చరికలు పెట్టింది లంక గ్రామాల్లో, పల్లపు పేటల్లో ఉన్నవాళ్లను ఎప్పుడు ఖాళీ చేయించాలో తెలియడానికి. ఇరుకు లోయలో, సుడులున్న మలుపులో, నిండా జనంతో ఎదురెక్కే బోటు కోసం కాదు. ఊళ్లు భద్రంగా ఉన్న నీళ్లలోనే బోటు మునగగలదు. కాబట్టి "ఇంకా హెచ్చరిక ఇవ్వలేదు సార్, వచ్చేయండి" అని ఏ ఏజెంటు చెప్పినా అది అనుమతి కింద లెక్కవేసుకోకు.

ఆ ప్రమాదం తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టింది. ఇప్పుడు బోటు కదలాలంటే అనుమతి కావాలి, వరద పోటు ఉన్నప్పుడు ఆపేస్తారు. ఆపేశారని తెలిస్తే మారుమాట లేకుండా వెనక్కి రా. "హైదరాబాద్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చాం" అని రేవులో గొడవపడే జట్టులో నువ్వుండకు. ఆపకపోయినా, సరంగు నసిగినా, రేవులో టీ కొట్టతను "ఇవాళ నీళ్లు బాగోలేవు" అన్నా ఆగిపో. టికెట్ అమ్మినవాడి మాటకంటే, అమ్మాల్సిన అవసరం లేనివాడి మాటకు విలువ ఎక్కువ.

వాన తగ్గాక కూడా తొందరపడకు. నీళ్లు ఎర్రగా, మట్టితో, కొట్టుకొచ్చే చెట్టు కొమ్మలతో ఉన్నన్నాళ్లూ నది ఇంకా తన పనిలో ఉన్నట్టే. వేసవి చివర వెళ్లినా గాలి సంగతి మరచిపోవద్దు. 2018 మే 15న మంటూరు దగ్గర లాంచీ మునిగింది ఈదురుగాలికి. ఎప్పుడు ఎక్కినా లైఫ్ జాకెట్ రేవులో తొడుక్కుని మళ్లీ రేవులోనే విప్పు, సెల్ఫీకి అడ్డమని మధ్యలో తీయొద్దు. కిటికీలు మూసిన కింది గదిలో కూర్చోకు. ఫొటో కోసం అందరూ ఒక పక్కకు ఒరగొద్దు.

మరి ఈ సెలవుల్లో ఏం చెయ్యాలంటావా? వాన చూడాలనుకున్నారు కదా, నేల మీద నిలబడి చూడండి. వరంగల్ మీదుగా ములుగు వెళ్లండి. 1213 నాటి రామప్ప గుడి వాన తడిలో ఎర్రగా, నల్లగా నిగనిగలాడుతుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దగ్గర్లోనే కాకతీయుల నాటి లక్నవరం చెరువు, చుట్టూ కొండలు, నీళ్ల మధ్య దీవులు. నీ నార్వే ముచ్చట సగం అక్కడే తీరుతుంది. దారి బాగుందని అక్కడివాళ్లు చెబితే ఏటూరునాగారం దాటి ముల్లకట్ట వంతెన మీదుగా వాజేడు వైపు వెళ్లండి. వంతెన మీంచి పొంగిన గోదావరి కనిపిస్తుంది, బొగత జలపాతం ఈ రోజుల్లోనే నిండుగా దూకుతుంది. అటవీ శాఖ వాళ్లు స్నానాలు ఆపితే దూరం నుంచే చూసి రండి. కుంటాల జలపాతం గుండంలో దిగి ప్రాణం పోగొట్టుకున్న కుర్రాళ్ల వార్తలు ఎన్ని చదివామో నీకూ తెలుసు. దూరం వద్దనుకుంటే మూసీ పుట్టిన అనంతగిరి కొండలున్నాయి, పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు. ఎక్కడికి వెళ్లినా రోడ్డు మీద పారే వాగులోకి బండి దింపొద్దు. పైన నీళ్లే కనిపిస్తాయి, కింద రోడ్డు ఉందో లేదో కనిపించదు. 2023 వానల్లో మన ప్రగతి నగర్‌లోనే ఓ పసివాడు నాలాలో కొట్టుకుపోయాడు. నీళ్లు మనిషిని తీసుకుపోవడానికి గోదావరే కానక్కర్లేదు.

పాపికొండలకు కార్తీక మాసం వచ్చాక వెళ్లు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు తేరుకుంటాయి, పొద్దున పొగమంచు కొండల నడుమ వేలాడుతుంది, మీ స్నేహితురాలు పెట్టిన ఫొటోలకు ఏమాత్రం తీసిపోదు. రాజమండ్రి వైపు నుంచి గండి పోచమ్మ రేవు ఉంది, భద్రాచలం వైపు నుంచి పోచవరం రేవు ఉంది. నడుమ పేరంటపల్లిలో అడవిలో ఉన్న శివాలయం చూడు, అక్కడి కొండరెడ్లు అల్లిన వెదురు వస్తువులు బేరమాడకుండా కొను.

ఒక్కటి మాత్రం తెలుసుకుని వెళ్లు. ఆ నది ఇదివరకటిలా లేదు. పోలవరం దగ్గర 2021లో గోదావరిని స్పిల్‌వే మీదుగా మళ్లించారు. ఆనకట్టకు పైన నీళ్లు నిలుస్తున్నాయి, దేవీపట్నం వైపు పల్లెలు ఖాళీ అయ్యాయి. కోయలూ కొండరెడ్లూ తమ ఇళ్లూ పొలాలూ వదిలి పునరావాస కాలనీలకు వెళ్లారు. నీకు చూడచక్కని నీటి మైదానంలా కనిపించేదాని అడుగున ఎవరి వాకిలో ఉండొచ్చు. అది తెలిసిన మనిషి బోటులో స్పీకరు పెట్టి కేకలు వేయడు, ప్లాస్టిక్ సీసా నీళ్లలో విసరడు.

చివరిగా నార్వే వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. 1967 ఈస్టర్ సెలవుల్లో కొండల్లో చాలామంది చనిపోయాక, కొండకు వెళ్లేవాళ్లు పాటించాల్సిన నియమాలను అక్కడి రెడ్ క్రాస్, ట్రెక్కింగ్ సంఘం దేశమంతా ప్రచారం చేశాయి. వాటిలో ఒకటి, సమయానికి వెనక్కి తిరగమని, తిరగడంలో సిగ్గేమీ లేదని. అక్కడ చిన్నపిల్లలకు కూడా అది కంఠతా వచ్చు. మన దగ్గర సెలవు దొరకడమే గగనం, అడ్వాన్సు పోతుందని బాధ, పదిమందిలో పిరికివాడు అనిపించుకోవడం ఇష్టముండదు. ఈ మూడూ కలిసే మనుషుల్ని బోటెక్కిస్తాయి. పైగా జట్టుగా వెళ్లినప్పుడు ప్రతివాడూ రెండోవాడు అంటాడేమోనని చూస్తూ ఊరుకుంటాడు.

కాబట్టి నవంబర్‌లో వెళ్లేటప్పుడైనా, ఈ వారం ములుగు వెళ్లినా, బయల్దేరకముందే మీలో ఒకరిని ఎంచుకోండి. ఆ మనిషి "వద్దు" అంటే ఎవరూ కారణం అడగకూడదు, ఎగతాళి చేయకూడదు, బండి వెనక్కి తిప్పాలి. అది నువ్వే కానక్కర్లేదు. మీ అందరిలో తొందర తక్కువ ఉన్నవాళ్లెవరో చూసి ఆ పని అప్పగించు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు వాళ్ల పేరు నాకు చెప్పు. బోటు అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోతే నీ వాటా నేనిస్తాను, మీ అమ్మకు చెప్పకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ